లైడెన్‌లో నువ్వు చూడాల్సినవి

యోరిన్ తల్లీ,

లైడెన్‌లో ఒక్కరోజులో ఏం చూడాలని అడిగావు. నేను పుట్టి పెరిగిన ఊరు, నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావులే.

గాలిమర దగ్గర ఫోటోలంటూ పొద్దంతా పాడుచేసుకోకు, గాలిమరలు మన ఊళ్ళోనూ ఉన్నాయి. ముందు పాత కోట దిబ్బ ఎక్కు, ఊరంతా కనిపిస్తుంది. నువ్వు వెళ్ళేది శనివారం కాబట్టి కాలవ గట్టున సంత ఉంటుంది. అక్కడ ఉల్లిపాయ ముక్కలు చల్లించుకుని హెర్రింగ్ చేప తిను. గొడుగు పట్టుకెళ్ళకు, ఆ గాలికి తిరగబడిపోతుంది.

మూడింటికి మా చెల్లెలు అలైడా ఇంటికి వెళ్ళు. చెప్పకుండా వెళ్తే తలుపు తియ్యదు, ముందే ఫోన్ చెయ్యి. కాఫీతో ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తుంది, రెండోది అడగకు. నా ఊసు మాత్రం ఎత్తకు. మా అమ్మ కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మాటామాటా వచ్చి మేం పలకరించుకోక పదకొండేళ్ళయింది, నీకు తెలిసిందే.

వచ్చేముందు ఒకసారి బాత్‌రూమ్‌కి వెళ్ళు. అందరిళ్ళలో లాగే అక్కడ గోడకి అయినవాళ్ళ పేర్లు రాసుకునే పుట్టినరోజుల క్యాలెండరు ఉంటుంది. మార్చి పేజీ తీసి, నా పుట్టినరోజు పదిహేడో తేదీ దగ్గర నా పేరు ఉందేమో చూడు. మా ఇంటి క్యాలెండర్లో అలైడా పేరు అలాగే ఉంది. సిరా వెలిసిపోతే పోయినేడు మళ్ళీ దిద్దాను.

నా పేరు ఉంటే వీధిలోకి రాగానే నాకు ఫోన్ చెయ్యి. కొట్టేసి ఉంటే ఆ సంగతి చెప్పొద్దు. హెర్రింగ్ బాగుందని ఓ కార్డు ముక్క రాయి, చాలు.

మీ అమ్మమ్మ