ఫోను చదివిన పుస్తకం

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఉద్యోగ పరీక్షకని అమీర్‌పేట కోచింగ్‌వాళ్లు నీకు పంపిన పుస్తకాలన్నీ ఫోటో తీసిన పేజీలే. అక్షరాలను పైకి చదివి వినిపించే నీ ఫోను వాటిని చదవలేక "ఇమేజ్, ఇమేజ్" అనేది. చూపులేని నీకు నేనే చదివి వినిపించేదాన్ని.

ఇప్పుడు పంజాగుట్టలో నా ఉద్యోగం, అలాంటి పేజీలను ఫోను చదవగలిగేలా టైపు చేసి సరిదిద్దడమే. ఇవాళ నీ కోచింగ్‌వాళ్ల చరిత్ర పుస్తకం పూర్తయింది. అదే పరీక్షకు చదువుతూ, ఆ పుస్తకం కోసం బోరబండ నుంచి వచ్చిన రజిత అనే అమ్మాయికీ చూపు లేదు. ఫోను చెవికి ఆనించుకుని పది పేజీలు విన్నది.

"మస్తున్నదక్కా! ఇగ మా చెల్లెను బతిమాలే పని లేదు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ ఇంకొక్క పేజీ చదవమని నువ్వు నన్ను బతిమాలితే బాగుండుననిపించింది. ఈసారి విసుక్కోను, అన్నా.

నీ శారద