ఎంత దూరంలో కూర్చుంటారు?

అలిగిన అత్తయ్యకి,

అలగలేదని మీరంటారు. అలగనివాళ్ళు వరుసగా మూడు ఆదివారాలు మా గడప తొక్కకుండా ఉంటారా? ఫోను చేస్తే, ఇంకా బస్సు ఇంజను పక్కనే కూర్చున్నట్టు "మోకాలమ్మా, మోకాలు!" అని అరిచి పెట్టేస్తారు. అందుకే ఈ ఉత్తరం మీ అబ్బాయి చేతికిచ్చి పంపుతున్నాను. దారిలో విప్పితే నెల్లాళ్ళు గిన్నెలు తోమాలని చెప్పాను. కవరు అంటించిన చోట నా సంతకం ఉంది, చూసుకోండి.

ఆ రోజు నేనేం తప్పు మాట్లాడానో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. మన కంప్యూటరు పాత మానిటరు మీద పచ్చగీత పడింది, మార్చాలి అన్నాను. సినిమా పెడితే పైనా కిందా నల్లపట్టీలు లేకుండా నిండుగా కనబడేది, మీరు దాంట్లో ఆడే బస్సు ఆటలో రెండు పక్క అద్దాలూ రెండు ఫుట్‌పాత్‌లూ ఒకేసారి కనబడేది, అలాంటి వెడల్పుది నేను పనిచేసే షాపుకి వచ్చింది, ఇంతుంటుంది అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాను. మీరు ఆట మధ్యలో ఆపేసి, "నాకొద్దు, మీరే ఆడుకోండి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషికి పెద్ద అద్దంలాంటి స్క్రీను ఇస్తే మురిసిపోతారనుకున్నాను. ఆ వెడల్పు మీకోసమే అత్తయ్యా. మీ అబ్బాయికి పచ్చగీత ఉన్నా పట్టదు.

ఆదివారం మీరు లేకపోతే ఇల్లు బోసిగా ఉంటోంది. నేను బస్సు తోలితే తిట్టేవాళ్ళు లేరు. మా అమ్మ దగ్గర కూడా నేనంత నవ్వింది లేదు. మీరు నిజం చెప్పేదాకా ఏ మానిటరూ కొనను.

బస్సుని మూడుసార్లు కాలవలో పడేసిన
మీ కోడలు

* * *

కాలవ డ్రైవరుకి,

సంతకం చెక్కు చెదరలేదు. వాడికి గిన్నెలంటే బాగానే భయం.

నా మోకాళ్ళకేం రోగం లేదే. గుండ్రాళ్ళలా ఉన్నాయి. పోయింది కళ్ళు. ఎదురుగా ఉన్నది బాగా కనబడుతుంది, సూదిలో దారం ఎక్కిస్తాను. పక్కలే కనబడవు. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకుని చూడు, అదే నా చూపు. అద్దాలు పెట్టినా లాభం లేదని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పేసింది.

నాలుగేళ్ళ కిందట స్టాపు దగ్గరికి బస్సుని పక్కకి తీస్తుంటే కండక్టరు రేకు మీద దబదబా బాది అరిచాడు. బ్రేకు తొక్కాను. ముందు చక్రానికి జానెడు దూరంలో సైకిలు మీద ఒకావిడ. ఆమెకేం కాలేదు, నన్ను నోరారా తిట్టి వెళ్ళిపోయింది. నాకు మాత్రం చేతులు స్టీరింగు మీంచి రాలేదు. ఆమె ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియనే తెలియదు, కోడలా. ఆ పూటే డిపోలో తాళాలిచ్చేసి, మోకాలు పనిచేయడం లేదని చెప్పాను. కళ్ళంటే అందరూ వెనక్కి లెక్కపెడతారు, ఎప్పట్నించి కనబడకుండా నడుపుతోంది అని. ముప్పై ఏళ్ళలో ఒక్క గీత పడనివ్వని బస్సు. ఆ లెక్క నేనే రోజూ పెట్టుకుంటున్నాను, ఇంకొకళ్ళు పెట్టక్కర్లేదు.

మీ బుల్లి స్క్రీను ముందు కూర్చుంటే అంతా నా గొట్టంలో పట్టేది. ఆదివారం ఆ రెండు గంటలూ మళ్ళీ డ్రైవర్ని. ఆ రోజు నువ్వు చేతులు చాపి ఇంతుంటుంది అన్నావే, నాకు నీ ముఖం ఒక్కటే కనబడింది. వెలిగిపోతోంది. చేతులు ఎక్కడిదాకా వెళ్ళాయో కనబడలేదు. అక్కడ ఇంక కూర్చోలేకపోయాను. ఆ మధ్య మీ ఇంట్లో గ్లాసు తన్నేసి, అక్కడెవరు పెట్టమన్నారని నీమీదే ఎగిరాను కదా, అది కూడా మనసులో పెట్టుకోకు.

నాకోసం సరదా చంపుకోకండి. పెద్దదే కొనుక్కోండి. నేను రాను. వాడికి చెప్పకు.

మీ అత్త

* * *

మా అబద్ధాల అత్తయ్యకి,

ఉత్తరం షాపు గోడౌనులో అట్టపెట్టెల మధ్య కూర్చుని చదివాను. నేను ఏడుస్తుంటే ఓనరు తిట్టాడనుకుని వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఏడుపయ్యాక ఒళ్ళు మండింది. బంగారంలాంటి మోకాలికి రెండు సీసాల నూనె రాయించుకుంటారా నాచేత? "అబ్బా, అక్కడే, ఇంకాస్త పైకి" అని మూలుగొకటి!

మానిటరు కోసం ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, ఎంత దూరంలో కూర్చుంటారు అని. ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. మిమ్మల్ని అడగలేదు. ముగ్గురం ఇరుక్కుని కూర్చుంటే బాగుంటుందని మూడు స్టూళ్ళూ స్క్రీనుకి ఆనించేశాను.

మీరు చెప్పినట్టే ఒక పోస్టరుని గొట్టంలా చుట్టి ఒక కంటికి పెట్టుకుని, రెండోది మూసుకుని, ఆ పెద్ద స్క్రీను ముందు నిలబడ్డాను. నడిరోడ్డు ముక్క తప్ప ఏమీ లేదు. భయమేసింది. ఇలాగా మీరు మెట్లు దిగుతున్నది, రోడ్డు దాటుతున్నది! అప్పుడు వెనక్కి నడిచాను. కొనడానికొచ్చిన పెద్దాయన "ఏమ్మా, ఓడలేమన్నా వస్తున్నాయా?" అన్నాడు. పదో అడుగులో వీపు ప్రింటర్ల అలమరకి తగిలింది. అక్కణ్ణించి చూస్తే స్క్రీను మొత్తం గొట్టంలో పట్టేసింది. రెండు అద్దాలు, రెండు ఫుట్‌పాత్‌లు, తలుపు దగ్గర ఎక్కుతున్న ముసలాయన కూడా. పాత స్క్రీనులో ఆ పక్కలు అసలు రానేరావు. దీన్లో వస్తాయి. రోడ్డుని దూరం జరపలేం గానీ కుర్చీని జరపొచ్చు కదా అత్తయ్యా.

కొనేశాను. ఎదురు గోడకి పెట్టాను. మీ కుర్చీ వంటింటి గుమ్మం దగ్గర, సరిగ్గా పది అడుగులు. మీ అబ్బాయికి నేను చెప్పలేదు, మీ నోటితో మీరే చెప్పండి. లెక్కంటారా, మీకు తెలిసిన పూటే తాళాలిచ్చేశారు. నాకు అంతవరకే లెక్క వచ్చు.

ఇకమీదట గ్లాసులు ఎదురుగానే పెట్టే
మీ కోడలు

* * *

నా కోడలు పిల్లకి,

నిన్న ఆదివారం మీ ఇంట్లో ఆట సందడిలో ఇవేవీ చెప్పలేకపోయాను. అందుకని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

వాడికి చెప్పాను. వాడు లేచి వెళ్ళి గుమ్మం దగ్గర చెప్పులన్నీ ఓ మూలకి సర్దాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు. వాడు చిన్నప్పుడూ అంతే.

ఆటలో మూడో స్టాపు దగ్గర పక్క సందులోంచి సైకిలు వచ్చింది చూశావా? నువ్వు "అత్తయ్యా" అని అరవబోయి నోరు మూసుకున్నావు. నాకు వినబడింది. అరవక్కర్లేదు. నేను అప్పటికే బ్రేకు నొక్కేశాను, కాలు కూడా ఊరికే నేలని తొక్కింది. సైకిలు దాటి వెళ్ళేదాకా ఆగాను. వెనకవాళ్ళు హారన్లు కొట్టినా ఆగాను. పక్కనుంచి వచ్చిందే, నాకు కనబడిందే! సందు మొదట్లోనే కనబడింది.

వచ్చే ఆదివారం ఒక్క మార్పు చెయ్యి. నువ్వు నా పక్కన కూర్చోకు. ఆ గోడ దగ్గర, స్క్రీను పక్కన కూర్చో. అంత దూరాన ఉంటే నువ్వు నాకు మొత్తం కనబడతావు, చేతులతో సహా.

మోకాళ్ళు బాగున్న
మీ అత్త