మూడు గంటల రీడింగ్

సెప్టెంబర్ 3, బుధవారం. ఉదయం 8.30

కమ్మింగ్, అమెరికాలో మా అమ్మాయి ఉండే ఊరు. ఆకాశం నిర్మలం. గాలి లేదు. వాతావరణ శాఖలో ముప్పై ఆరేళ్లు అబ్జర్వర్‌గా చేసినవాణ్ని, రిటైరైనా ఈ అలవాటు పోదు.

సాయంత్రం 4

పూజితకి ఈ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్. పాత తుఫానులు ఎక్కడ, ఎంత బలంతో తీరం దాటాయో మళ్లీ లెక్కగట్టడం మా అమ్మాయి ఉద్యోగం. ఫ్లోరిడావీ చూస్తారు, మనవీ చూస్తారు. మధ్యాహ్నం లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. స్కాన్ చేసిన రిజిస్టర్ పేజీ. నాన్నా, ఇది నీ చేతిరాతే కదా అంది.

నాదే. నలభై ఏళ్ల కిందటి నవంబర్.

ఆ తుఫాను దాటినచోట ఇంకెవరి రీడింగూ దొరకలేదట. మొత్తం నీ పేజీ మీదే ఆధారపడ్డాం అంది. అంత గాలిలోనూ ఒక్క అంకె వంకర పోలేదని మురిసిపోయింది.

అసలు సంగతి చెప్పకుండా లాప్‌టాప్ మూసి ఇచ్చేశాను.

సెప్టెంబర్ 4

ఈ రోజూ చెప్పలేదు.

సెప్టెంబర్ 6, శనివారం

ఇక్కడైనా రాస్తాను.

అంకెలు వంకర పోలేదంటే, అవి తుఫానులో రాసినవి కావు గనక. గంటగంటకీ గాలి పీడనం చూసి రాయాల్సిన డ్యూటీలో ఆ రోజు నేనొక్కణ్నే. మధ్యాహ్నం పన్నెండుకి పైకప్పు రేకు ఒకటి లేచిపోయింది. రెండోది లేచేసరికి పరిగెత్తాను. రైసు మిల్లు గోదాములో బస్తాల వెనక మర్నాడు తెల్లారేదాకా కూర్చున్నాను. భార్య అప్పుడు పుట్టింట్లో ఉంది. ఎవర్నో కాపాడటానికి పోలేదు. భయమేసి పోయాను.

పొద్దున్నే వచ్చి ఖాళీ గడులన్నీ ఊహించి నింపాను. మూడు గంటలకి 986 మిల్లీబార్లు, అదే అన్నిటికన్నా తక్కువ. పోలీసు వైర్‌లెస్‌లో హెడ్డాఫీసుకి పంపేశాను. ఆ తర్వాత గుర్తొచ్చింది బారోగ్రాఫ్. మనిషి లేకపోయినా దాని పెన్ను కాగితం మీద పీడనాన్ని గీస్తూనే ఉంటుంది. పెట్టె తెరిచాను. మూడు గంటల దగ్గర గీత 962 దాకా దిగిపోయి ఉంది. పీడనం ఎంత పడిపోతే తుఫాను అంత పెద్దది; మామూలు తుఫాను కాదది. దిద్దితే నేను లేనని బయటపడుతుంది. కాగితం ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాను. వానకి తడిసి పాడైందని రాశాను.

డ్యూటీ వదలనందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

నెల తర్వాత కనకదుర్గ అనే ఆవిడ వచ్చింది. ఉప్పెనలో మొగుడూ పడవా పోయారు. నష్టపరిహారం అడిగితే, అంత పెద్ద తుఫానేం కాదు, మీవాడి అజాగ్రత్తే అని ఏదో ఆఫీసులో అన్నారట. బాబూ, నువ్వు ఆడే ఉన్నావంట గదా, ఎంత గాలొచ్చిందో ఓ కాయితం మీద రాసియ్యి అంది. రిజిస్టర్ తెరిచి 986 చూపించాను. ఆవిడకి చదువు రాదు. అయినా చూపించాను.

సెప్టెంబర్ 7

బుధవారం వాళ్ల టీమ్‌తో జూమ్‌లో మాట్లాడమంది పూజిత. నా నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

సెప్టెంబర్ 10, బుధవారం

మాట్లాడాను. నేను తెలుగులో చెప్పే ప్రతి మాటనీ పూజిత వాళ్లకి ఇంగ్లీషులో చెప్పింది. రేకులు లేచేదాకా నిజమే చెప్పాను. తర్వాత ఏం చేశారని వాళ్ల బాస్ అడిగాడు. రాస్తూ కూర్చున్నానన్నాను. చప్పట్లు కొట్టారు.

డెబ్బై ఒకటో ఏట, కూతురి నోటితో అబద్ధం చెప్పించాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

చెప్పేశాను. ఇండియన్ స్టోర్‌కి వెళ్తుంటే, కార్‌లో. పూజిత మా ఎగ్జిట్ మిస్ అయింది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆపింది.

మొదట కనకదుర్గ గురించే అడిగింది. ఆవిడ ఉందా అని. తెలియదన్నాను. ఎప్పుడైనా కనుక్కున్నావా అంది. లేదన్నాను. అమ్మకి తెలుసా అంది. తెలియకుండానే పోయిందన్నాను.

962 మాత్రం ఖాయం, నా కళ్లతో చూశాను, దాన్ని వేసుకోమ్మా అన్నాను. నాన్నా, నీకు గుర్తున్నదాన్ని డేటాగా ఎలా వేస్తాను, కాగితం ఏది అంది. తిట్టినా బాగుండేది. మళ్లీ తనే అంది: 986 డిలీట్ చేస్తే ఆ తుఫాను ఎంతదో ఇక ఎవరికీ తెలియదు.

కూరలు కొనకుండానే ఇంటికొచ్చాం.

సెప్టెంబర్ 13

టీమ్‌కి మెయిల్ పంపిందట. నాకు చూపించలేదు. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది, అంతే.

సెప్టెంబర్ 15, సోమవారం

పూజిత ఒక ఫామ్ ప్రింట్ తీసి తెచ్చింది. రీడింగ్ తీసేయడానికి కారణం రాయాలట. నువ్వే రాయి నాన్నా అంది.

ఆ సమయంలో అబ్జర్వర్ అక్కడ లేడు అని రాసి, సంతకం పెట్టాను.