సాయవ్వ కోసం తెచ్చిన కల్లు

నవంబర్ 3
నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. ఏమనుకోకు. బడి ఐదో తరగతితోనే ఆగింది. పైగా పొద్దున పూట చేయి వణుకుతుంది. నిన్న కామారెడ్డిలో తాగుడు మానేవాళ్ల మీటింగుకు పోయాను. నోరు రాకపోతే ఇంట్లో రాసుకోమన్నాడు అక్కడి సారు. అందుకే నోటుబుక్కూ, నీతో చెప్పుకుంటున్నాను.

పెద్ద హాలు. ఒక్కొక్కరే లేచి మైకులో చెప్తున్నారు. నా వంతు... పేరు చెప్పాను. తర్వాత గొంతు రాలేదు. "పర్వాలేదు పెద్దాయనా, కూర్చోండి." కూర్చున్నాను. ఎల్లారెడ్డి బస్సు ఎక్కాక చెప్పాల్సిందంతా నోటికొచ్చింది. ఎవరికి చెప్పేది?

నవంబర్ 4
దసరాకు ముందు ఇల్లిడిచి పోయింది నా భార్య సాయవ్వ. లింగంపేటలో బిడ్డ లత దగ్గరే ఉండి బీడీలు చేస్తుంది. ఇన్నేళ్ల సంసారం — పోతూ ఒకటే మాట. "తాగుడు ఇడిశిననాడు పిలువు. అప్పటిదాంక నీ గడప తొక్క."

నవంబర్ 6
మందు ముట్టలేదు. వైన్సు ఎదురుగా నడవకుండా వెనక సందులోంచి తిరిగి వస్తున్నాను.

నవంబర్ 9
ఈసారి మీటింగు ఊళ్లోనే, ప్రార్థన మందిరంలో. మంచివాళ్లు. చాయ్ ఇచ్చారు. పాటలు పాడారు. నాకు రాదు — పెదవులు కదిపాను. బయటికి రాగానే వదినె ఎదురు. "ఏంది మరిదీ, సీసా ఇడిశి సిలువ పట్టినవా?" తల వంచుకుని వచ్చాను. వాళ్ల తప్పేం లేదు. మళ్లీ పోవడానికి నాకే సిగ్గు.

నవంబర్ 16
నర్సింలు పిలిచాడు. మునుపు బస్సు డ్రైవరు, నాతో కలిసి తాగినవాడే. ఇప్పుడు ముట్టడు. ఆదివారం సాయంత్రం వాళ్ల రేకుల షెడ్డులో కొందరు కూర్చుంటారు. హమాలీ, ఆటో అతను, టైలరు. మైకు లేదు. గోడకు ఆనుకుని చాప మీద కూర్చోవడమే.

"మాట్లాడకున్నా మంచిదే కాకా. ఇనుకుంట కూసో. మాట్లాడెటందుకు గీ టైలరున్నడు, ఆగుమన్నా ఆగడు."

నాకు సరిపడే జాగా ఇదే. లేచేటప్పుడు మెల్లగా అన్నాను — "నేను ఇడిశిన." హమాలీ భుజం తట్టాడు. ఆ చేయి బరువు ఇంకా ఉంది.

నవంబర్ 18
ఫోన్ చేశాను. లత ఎత్తి వాళ్లమ్మకు ఇచ్చింది.
"ఇడిశిన సాయవ్వా."
బీడీల చాట పక్కకు జరిపినట్టుంది.
"నిజంగనేనా?"
"నీ మీద ఒట్టు."
"...శనివారం వస్త."

నవంబర్ 22
పొద్దున్నే ఇల్లు ఊడ్చాను. అన్నం వండాను. ఇంటికి మనిషి వస్తుంటే కల్లు లేకుండా ఎట్లా? పెళ్లికి కల్లే, చావుకు కల్లే. దుకాణం నుంచి రెండు సీసాలు తెచ్చాను. ఒకటి ఆమెకు, ఒకటి నాకు. నేను రోజూ సాయంత్రం తాగేదే. కల్లును తాగుడని మా దగ్గర ఎవరన్నారు? నా చిన్నప్పుడు జ్వరమొస్తే మా అవ్వే పోసేది.

వచ్చింది. చంకలో సంచి. గడప దగ్గరే నిలబడింది.
"గిదేంది?"
"కల్లు."
"ఇడిశిననంటివి."
"మందు ఇడిశిన. గిది కల్లే గద... నీకోసమే తెచ్చిన."
తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.
"పొద్దుగాల నీ చెయ్యి ఎందుకు వణుకుతదో గిప్పటికీ ఎరుకలేదు నీకు."

సంచి కింద పెట్టనే లేదు. బస్టాండు వైపు నడిచింది. పక్కనే బిందె — మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

రెండు సీసాలూ నేనే తాగాను.

నవంబర్ 23
షెడ్డులో అంతా చెప్పాను. చాప అంచు చూస్తూ. రెండు సీసాల దాకా.

టైలరు నవ్వాడు. "కల్లు లెక్కల రాదని నేను గూడ గట్లనే తిరిగిన కాకా. మనదంత ఒకటే బడి."
నర్సింలు నవ్వలేదు. "గా కల్లుల ఏం మత్తుమందు కలుపుతరో ఏమో. నీ అంతట నువ్వు ఒక్కపారే బంద్ చెయ్యకు, పానం మీదికొస్తది. రేపు దవాఖానకు నేనొస్త."

నవంబర్ 24
డాక్టరమ్మ మాత్రలు రాసింది. "ఇన్నాళ్లూ ఇది తాగుడు కాదనుకున్నావా తాతా?" చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

నవంబర్ 27
కల్లు మానాక చెమటలు. కన్ను మూతపడదు. నర్సింలు వచ్చి ఊరికే కూర్చుని పోయాడు. అబద్ధం చెప్పాలనుకోలేదు. కానీ ఒట్టు ఆమె మీద పెట్టాను... ఆమె మీద.

నవంబర్ 28
లతకు ఫోన్. "బాపూ, అమ్మ నీతోని మాట్లాడదట."
వెనక నుంచి సాయవ్వ గొంతు — "తిన్నడా అడుగు."
తిన్నానన్నాను. తినలేదు. మళ్లీ అబద్ధమే.

నవంబర్ 29
రేపు షెడ్డుకు ఇంటివాళ్లు కూడా రావచ్చు. "చిన్నమ్మను తోలుకరా కాకా. ఆమె గూడ చెప్పుకోవాలె గద" అన్నాడు నర్సింలు. అది నాకు ఎన్నడూ తట్టలేదు — ఆమెకూ చెప్పుకునేది ఉంటుందని.

పొద్దున లింగంపేట బస్సు ఉంది. పోయి ఆ గడప ముందు నిలబడతాను... ఏమని పిలవను? నా ఒట్టుకు ఇక విలువ లేదు. మాటకూ లేదు. నోటుబుక్కూ, ఇన్ని రోజులు అన్నీ విన్నావు, ఒక్కసారైనా పలుకు. తెల్లారితే బస్సు. తొందరగా, జెప్పన చెప్పు.