అరికాలు చూపిస్తేనే గరిడేపల్లి పొలం

సూర్యాపేటలో నివాసముంటూ, మన చామనఛాయ చర్మం మీద క్యాన్సరును ముందుగా పట్టుకునే పరిశోధనలో జుట్టు నెరిసిన కందిబండ అరుంధతి అనే నేను, పూర్తి తెలివిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. కోపం కూడా స్థిరంగానే ఉంది, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇది ఇప్పుడే రాయడానికి కారణం నాకేదో జబ్బు ఉండడం కాదు. నా ఒక్కగానొక్క తమ్ముడు శ్యాంసుందర్ ఎడమ అరికాలు.

1. మిర్యాలగూడలో నా స్వార్జితమైన ఇల్లు, హైదరాబాదు దవాఖానలకు వెళ్లివచ్చే క్యాన్సర్ రోగులు దిగుతున్న ఇల్లు, నా తదనంతరం కూడా వాళ్లకే. నడిపించే బాధ్యత, ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నర్సు ఎస్తేరుది. "గాలికి అంటుకుంటది మేడం" అంటూ సిగరెట్ నోట్లో పెట్టుకుని ఆ ఇంటి గేటు ముందు రోజూ ఫినాయిలు చల్లే పక్కింటి నాగేష్‌కు పెద్ద ఫినాయిలు డబ్బా ఒకటి ఇవ్వవలసింది.

2. సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. రోగుల కోసం ఒక్క మంచం అడిగితే మొహం చాటేసినవాళ్లంతా శాలువా మాత్రం తప్పకుండా కప్పారు. క్యాన్సర్ మందు ఎక్కించుకుని వచ్చేవాళ్లకు తెల్లారుగట్ట బస్సులో చలి ఎక్కువ. అన్నీ వాళ్లకు పంచాలి. జరీ గుచ్చుకుంటుంది, లోపల మెత్తటి గుడ్డ వేయించాలి.

3. మచ్చ ఫోటో చూసి క్యాన్సరో కాదో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం మొదటి రూపం మా విభాగాధిపతి గారికి. తెల్లవాళ్ల ఫోటోలతో నేర్చుకున్న ఆ మహాతల్లి గోరింటాకు పెట్టుకున్న ప్రతి పెళ్లికూతురికీ క్యాన్సర్ అని తేల్చింది. పరిశోధన పత్రం మీద తన పేరే ముందుండాలని సారు పట్టుబట్టారు కనుక అది ఆయనకే దక్కాలి.

4. పాత నీలం దుప్పటి ఎస్తేరుకు. మన రంగువాళ్లలో ఈ రోగం ఎక్కువగా దాక్కునేది అరికాళ్లలో. మనవాళ్లు వీపు చూపిస్తారు, పొట్ట చూపిస్తారు, పెద్దవాళ్ల వైపు కాలు మాత్రం చాపరు. "సదువుకున్న తల్లివి, నీ మొకానికి కాలు సూపెడ్తనా? కండ్లు పోతయ్" అని నాటు వేసే భద్రమ్మ మా పరీక్షల శిబిరంలోంచి లేచి వెళ్లిపోయింది. విసిగిపోయి ఈ దుప్పటి అడ్డం కట్టాను, రెండో కొస ఎస్తేరు పట్టుకుంది. మనుషులు అటు, పాదాలు ఇటు. ముఖం కనబడకపోతే మర్యాద చెడదట! ఆ భద్రమ్మే మొదట కాలు చాపింది. నా డాక్టరేటు పట్టా ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు.

5. శ్యాంసుందర్‌కు కోదాడలో ఎరువుల షాపు. ముందర నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టించి, వచ్చినవాళ్లందరినీ "మా అక్కకు చూపించుకోండి" అని తోలుతుంటాడు. తను మాత్రం కుంటుతూ, ముల్లు విరిగిందని చెబుతూ తిరుగుతాడు. మొన్న దసరాకు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, మోకాళ్ల మీద వంగి నా పాదాలకు తల ఆనించాడు. వాడి వీపు మీదుగా చూస్తే అరికాళ్లు రెండూ పైకి తేలి ఉన్నాయి. ఎడమ మడమ మీద నల్లటి మచ్చ, అంచులు వంకరటింకరగా. చూడనివ్వరా అంటే, "అమ్మ తర్వాత అమ్మవి, నీ దిక్కు కాలు సాపాల్నా?" అన్నాడు. దుప్పటి కడతానన్నాను. "దుప్పటి అవతల నువ్వే ఉంటవని నాకెరుకే గదా!" అని చెప్పులేసుకుని బస్సెక్కాడు. ఇదీ మా ఇంటి మర్యాద.

6. గరిడేపల్లిలో నా వాటా పొలం. సదరు శ్యాంసుందర్ తన ఎడమ అరికాలు పగటి వెలుతురులో నాకు గాని, ఎస్తేరుకు గాని చూపించి, చెప్పిన పరీక్ష చేయించుకుంటేనే దాన విక్రయాది సర్వహక్కులతో ఆ పొలం అతనికి. లేని పక్షంలో, గట్టు జరిపాడని అతను ఊరంతా తిట్టిపోసే పక్క చేను గౌరయ్యకు.

వీలునామా నేను పోయాకే చెల్లుతుందని వకీలు సాబ్ అన్నాడు. నాకు బీపీ కూడా లేదు. నేను పోయేదాకా ఆ మచ్చ ఆగదు. అందుకే ఒక ప్రతి ఈరోజే కోదాడ షాపుకు పంపుతున్నాను. దీపావళి లోపు కాలు చూపిస్తే ఈ కాగితం చించేసి, పొలం వెంటనే వాడి పేర రాసిస్తాను. అది క్యాన్సరని నేను అనడం లేదు. కాదని అనడానికి నోరు రావడం లేదు. అదే అయినా ఇప్పుడైతే చిన్న కోతతో పోవచ్చు.

7. నా అంత్యక్రియలు. పెద్దదాన్ని, వరస ప్రకారం ముందు పోవలసింది నేను. నా చితికి నిప్పు పెట్టవలసింది శ్యాంసుందరే, మరెవరూ ఆ కట్టె ముట్టుకోకూడదు. తమ్ముడూ, నాకు భయంగా ఉందిరా. ఈ వరస తిరగబడనివ్వకు.

తేదీ: 13 అక్టోబరు 2025, సూర్యాపేట

(సంతకం) కందిబండ అరుంధతి

ఆమె మా ఎదుట చదివి, కళ్లు తుడుచుకుని సంతకం చేసినందుకు సాక్షులు:
1. మత్తయ్య, రిటైర్డ్ టీచర్, నడిగూడెం
2. నవనీత, ల్యాబ్ టెక్నీషియన్, సూర్యాపేట