వనజాక్షి చుట్టలు, తేమ పొట్లాలు

తోటపల్లి గూడూరు,
జూలై 4.

సుశీల్ కుమార్ గారికి,

కామాక్షయ్య నమస్కారం. మన చుట్టలు కాల్చేవాళ్ళ సంఘంలో ఎవరి సరుకు మీదైనా ఫిర్యాదుంటే వాట్సాప్‌లో రచ్చ చేయకుండా ముందు అమ్మినవాళ్ళకు ఉత్తరం రాయాలని రూలుంది కదా. అందుకని రాస్తున్నాను.

మీ దగ్గర కొన్న తేమ పొట్లాలు నాలుగూ చుట్టల పెట్టెలో పెట్టినాను. ఎండకు పెళుసెక్కవు, వానకు మెత్తబడవు అని మీరు సంఘం మీటింగులో మైకు పట్టుకొని మరీ చెప్పినారు. ఇరవై రోజులకే రెండు చుట్టల మీద తెల్లగా బూజు! తుడిస్తే మళ్ళీ వచ్చింది. మీకిది వ్యాపారం, నాకు ప్రాణం మీదికొచ్చింది. అవి మా ఇంటామె వనజాక్షి చేత్తో చుట్టినవి. పదకొండే ఉన్నాయి. అవి కూడా పోతే నాకింకేం మిగలదు.

ఏం చేస్తారో వెంటనే రాయండి.

ఇట్లు, మంచి కోపంలో ఉన్న
కామాక్షయ్య

తా.క.: పొట్లం మీద 65 అని వేసి ఉంది. నాకు డెబ్బై రెండు. నా వయసుకు తగినవి పంపండి.

*

పొగతోట, నెల్లూరు,
జూలై 9.

పెద్దలు కామాక్షయ్య గారికి,

సుశీల్ కుమార్ వందనాలు. 65 అంటే వయసు కాదండీ, తేమ శాతం. పెట్టెలో తేమ ఎక్కువైతే పొట్లం పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. మనం చేయాల్సిందల్లా దాన్ని ముట్టుకోకుండా ఉండటమే. మీరేమైనా చేసినారా?

ఒక చుట్ట పంపండి. నా దగ్గర తేమ కొలిచే మిషనుంది. చూసి భద్రంగా తిప్పి పంపుతాను. అయినా పదకొండే అని దిగులెందుకండీ? అమ్మగారిని ఇంకో వంద చుట్టమనండి. అలిగి ఉంటే ఒక మంచి చీర కొనిపెట్టండి, దెబ్బకు చుట్టేస్తారు.

మీ విధేయుడు,
సుశీల్ కుమార్

తా.క.: ఆదివారం సంఘం మీటింగులో నా పొట్లాల గురించి నాలుగు మంచి మాటలు చెప్పినారంటే ఇంకో ఆరు ఊరకే ఇస్తాను. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీండి.

*

తోటపల్లి గూడూరు,
జూలై 15.

నాయనా సుశీల్,

మీటింగుకు పోయినాను. నాలుగు మంచి మాటలన్నావు గానీ ఆ నాలుగూ ఏవో రాయలేదు. సొంతంగా చెబితే ఎక్కడ తప్పు పోతుందోనని నీ ఉత్తరమే మొత్తం చదివినాను, తాజాకలంతో సహా. "మన ఇద్దరి మధ్యే" అనేసరికి అందరూ పడీ పడీ నవ్వినారు. సెక్రటరీ పెంచలప్రసాద్ ఒక్కడే నవ్వలేదు. మూడు నెలలు నిన్ను సంఘంలో ఏమీ అమ్మనీయరంట. ఆ ఆరు పొట్లాలు ఎప్పుడు పంపుతావు?

నేనేం చేసినానని అడిగినావు. అందరూ చేసేదే చేసినాను. మా ఇంట్లో తమలపాకులకు చుట్టినట్టు, నీ పొట్లాలకు పొద్దునా సాయంత్రం తడిగుడ్డ చుట్టినాను. ఈ ఎండలకు వాటికి మాత్రం దాహం వెయ్యదా?

పెట్టెలో అన్నిటికన్నా బాగున్న చుట్ట ఏరి పంపుతున్నాను. జాగ్రత్త. (వెనకవైపు కూడా చదువు.)

ఇట్లు,
కామాక్షయ్య

తా.క.: వనజాక్షిని చుట్టమనే దారి లేదు నాయనా. నాలుగేళ్ళ కిందట కరోనాలో పోయింది. చీర కొనిపెట్టమన్నావు చూడు, ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

*

పొగతోట, నెల్లూరు,
జూలై 20.

అయ్యా,

ఏ ముఖం పెట్టుకొని రాయాలో తెలియడం లేదు. సంఘం నన్ను పక్కన పెట్టిందన్న మంటలో ఉండగా మీ చుట్ట వచ్చింది. మిషనులో చూసినాను, తేమ బాగానే ఉంది. అమ్మగారు ఇంకో వంద చుడతారు, ఒకటి కాలిస్తే ఏమవుతుందిలే అనుకొని ముట్టించినాను. సగం కాలినాక కాగితం తిప్పి వెనకున్న తాజాకలం చదివినాను.

వెంటనే ఆర్పేసినాను. మిగిలిన సగం గాజు డబ్బాలో పెట్టి, కొత్త పొట్లం వేసి పంపుతున్నాను. చుట్ట చాలా బాగుంది అనడానికి కూడా నోరు రావడం లేదు. నన్ను సంఘంలోంచి పూర్తిగా తీసేయమని నేనే పెంచలప్రసాద్ గారికి రాస్తాను. క్షమించండి.

సిగ్గుతో,
సుశీల్ కుమార్

తా.క.: మా ఆవిడ అబిగయీలు మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. డబ్బా మూత పెట్టేముందు మాత్రం నిలబడి ప్రార్థన చేసింది.

*

తోటపల్లి గూడూరు,
జూలై 25.

నాయనా సుశీల్,

డబ్బా అందింది. అందులో సగం చుట్ట చూసి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినాను. తర్వాత ఉత్తరంలో "చాలా బాగుంది" అన్న మాట కనిపించింది. కూలబడి ఏడ్చినాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ జ్వరం మా ఇద్దరికీ వచ్చింది. ఆమె పోయింది. నేను లేచినాను గానీ నా ముక్కు లేవలేదు. నాలుగేళ్ళుగా నాకు ఏ వాసనా తెలియదు. చేపల పులుసు మరుగుతున్నా తెలియదు, వాన పడినా తెలియదు. వనజాక్షి తాటిబెల్లం నీళ్ళు చిలకరించి చుట్టేది. ఆమె పక్కన వచ్చి కూర్చుంటే ఆ బెల్లమూ పొగాకూ కలిసి ఒక వాసన. అది ఆ పెట్టెలో ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. రోజూ తెరుస్తాను, ముక్కు ఆనిస్తాను, మూస్తాను. ఊళ్ళో ఎవరినన్నా అడగాలంటే సిగ్గు. అందుకే బాగున్నది ఏరి నీకు పంపినాను. తేమ చూడమని కాదయ్యా.

బాగుంది అంటే చాలదు. ఎట్లా బాగుంది? ఆదివారం చర్చి అయినాక అబిగయీలమ్మను కూడా తీసుకొని రా. ఇంకొకటి ముట్టించుకో, నేను పక్కన కూర్చుంటాను. ఏం తెలుస్తా ఉందో చెప్తా ఉండు.

ఎదురుచూస్తూ,
కామాక్షయ్య

తా.క.: నన్ను సంతోషపెట్టాలని అబద్ధం చెప్పొద్దు. ఆమె వాసన పోయి ఉంటే పోయిందనే చెప్పు. కాకపోతే కొంచెం నిదానంగా చెప్పు.