చెట్టు కింద గుండె వైద్యం

లిలువా,
ఆదివారం

సత్యవేణి అత్తకు మేనకోడలు భాను నమస్కారాలు.

ఫోన్ చేస్తే పలకనని, తెలుగులో ఉత్తరం రాస్తేనే పలుకుతానని సెలవుల్లో నువ్వు పెట్టిన షరతు ప్రకారం ఇది నా మొదటి ఉత్తరం. బెంగాలీ రాసినంత తేలిగ్గా నాకు తెలుగు రాదు. కొమ్ములూ ఎత్వాలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. తిట్టకు.

అమ్మ బాగుంది. విశేషం ఏమిటంటే, నాన్నకు ఈరోజు గుండె అయింది. స్టేషను పక్కన వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాల్లో చేసేశారు. కొంచెం రక్తం వస్తే పటిక రాశారు. ఎందుకు చేయించుకున్నావని అడిగితే "ఏటీ లేదు, ఎండలకి" అన్నాడు. అమ్మ అయితే నాన్నను చూసి ఒకటే నవ్వు. రేపు రైల్వే వర్క్‌షాపులో డ్యూటీకి కూడా వెళ్తాడట.

ఇట్లు,
భాను

తా.క.: భయపడకు. బ్లేడు కొత్తదే వాడారు.

*

సోంపేట

చిరంజీవి భానును సత్యవేణి అత్త దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేశాను. కుర్చీలో కూర్చోబెట్టి గుండె ఆపరేషను చేయడం ఎక్కడా వినలేదు. పైగా పటికా! మీ అమ్మ నవ్విందా! ఆ సంగతి తర్వాత తేలుస్తాను. రోగిని ఫోన్లో మాట్లాడించకూడదు గనక చేయడం లేదు. ఈ ఉత్తరం నువ్వే నాన్నకు గట్టిగా చదివి వినిపించు.

గుండె మనిషి పిడికిలంత ఉంటుంది. కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. నిమిషానికి డెబ్బై రెండు సార్లు కొట్టుకోవాలి. కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ వంద దాటకూడదు. లెక్కపెట్టి నాకు రాయి. నూనె బాగా తగ్గించాలి. ఓపిక వచ్చాక పొద్దున్నే నడిస్తే గుండెకు మంచిది.

ఆశీస్సులతో,
అత్త

తా.క.: గుండెకు కోపం పనికిరాదు. నాన్నతో వాదించొద్దని మీ అమ్మతో చెప్పు. వాదన తప్పదనుకుంటే నాకు రాయమను.

*

లిలువా

అత్తకు నమస్కారం.

నువ్వు చెప్పినట్టే చేశాం. నేను గడియారం పట్టుకున్నాను, నాన్న అరచేత్తో కొట్టుకున్నాడు. నలభై దాటేసరికి కళ్ళు తిరిగాయి. "ఇదేటి వైద్దిమే! అప్ప సెప్పిందని గానీ..." అంటూనే డెబ్బై రెండూ పూర్తి చేశాడు. చప్పుడు విని పక్క క్వార్టర్ బంగారయ్య మామ వచ్చాడు. సంగతి విని "నన్నో నాలుగు ఎయ్యమంతావేటి బావా?" అన్నాడు. నాన్నకు కోపం వచ్చింది గానీ, కోపం పనికిరాదన్నావని గుర్తుచేశాను.

నూనె పూర్తిగా మానేశాడు. మెరుపు పోయింది. పొద్దున్నే పక్క ఊరు బేలూరు వైపు నడుస్తున్నాడు. ఒక్కటే అనుమానం. పిడికిలంత ఉంటుందన్నావు, నాన్నది కొబ్బరికాయంత ఉంది. ఎడమకు ఒరిగి కూడా లేదు, నిటారుగానే ఉంది.

ఇట్లు,
భాను

తా.క.: అప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. చెయ్యి పెడితే గుచ్చుకుంటున్నాయి.

*

సోంపేట

భానూ, దీవెనలు తర్వాత.

కొబ్బరికాయంత ఉందంటే అది వాపు. వెంట్రుకలు మొలవడం మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. చెయ్యి పెట్టి చూసిన మహానుభావులెవరు? గుండెను అరచేత్తో కొట్టడమేమిటి? అది దానంతటదే కొట్టుకుంటుంది తల్లీ!

ఆగలేక నిన్న మీ నాన్నకు ఫోన్ చేశాను. "తమ్ముడూ, గుండె ఎలాగుందిరా?" అన్నాను. "నీకెవులు సెప్పినారప్పా?" అని పెట్టేశాడు. ఏదో దాస్తున్నాడు. చిన్నప్పుడూ అంతే. కాలికి ముల్లు గుచ్చుకుంటే చెప్పేవాడు కాదు, కుంటుతుంటే నేనే చూసి తీసేదాన్ని. మా అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచాను. నాకు భయంగా ఉందే.

ఈ ఉత్తరం పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. గుండె చూపించకుండా ఇంటికి రావద్దు. టికెట్టు దొరగ్గానే బయలుదేరుతాను.

అత్త

తా.క.: ఆ చెట్టు కింద డాక్టరును ఎక్కడికీ పోనివ్వకండి.

*

లిలువా

అత్తకు నమస్కారం, క్షమాపణ కూడా.

నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళి, "గుండు వాచిందేమోనని మా అత్త భయం, చూడండి" అని బెంగాలీలో చెప్పాను. డాక్టరు నాన్న తల చుట్టూ తిరిగి చూసి, బాగానే ఉంది కదా అన్నాడు. అక్కడ కౌముది అని తెలుగు నర్సు ఉంది. నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడి నవ్వింది. గుండుకు కొమ్ము, గుండెకు ఎత్వం అట. ఇంట్లో అందరం హార్ట్ అనే అంటాం, గుండె అనే మాట ఉందని నాకు తెలియదు అత్తా. నీ ఉత్తరాల్లో కూడా గుండు అనే చదువుకున్నాను. నాన్న చేయించుకున్నది క్షవరం. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న మాత్రం నవ్వలేదు. "రాయే, పోదాం" అని లేచాడు. "ఎలాగూ వచ్చారు కదా" అని కౌముది అక్క కూర్చోబెట్టి బీపీ చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. పై అంకె నూట డెబ్బై. తర్వాత ఈసీజీ తీశారు. డాక్టరు నాన్నతో చాలాసేపు విడిగా మాట్లాడాడు. మిగతాది నాన్నే రాస్తానన్నాడు.

ఇట్లు,
భాను

తా.క.: ఆ చెట్టు కింద డాక్టరు పేరు జగన్మోహన్. క్షవరం బాగా చేస్తాడు. నువ్వు వస్తున్నావని చెప్పాను, కుర్చీ పక్క వీధికి మార్చేశాడు.

*

లిలువా

అప్పకు తమ్ముడు తిరుపతిరావు దండాలు.

రెండు నెలలుగా స్టేషను మెట్లెక్కితే రొమ్ము పట్టేసేది, ఎడమ చెయ్యి లాగేది. ఈ ఊళ్ళో ఏ నొప్పి వచ్చినా గ్యాస్ అంటారు. నేనూ అదే అనుకున్నాను. అనుకున్నానే గానీ లోపల భయమే. డాక్టరు ఏం చెబుతాడోనని వెళ్ళలేదు. తగ్గించమని సింహాచలం అప్పన్నకు తలనీలాలు మొక్కుకున్నాను. సెలవు దొరక్క జగన్మోహన్ కుర్చీలోనే ఇచ్చేశాను. నీ మరదలితో ఎండలన్నాను. నువ్వు ఫోన్లో గుండె అనగానే అప్పన్నే వచ్చి నీకు చెప్పాడనుకుని హడలిపోయాను.

గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదట. ఇంకో నెల ఊరుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ప్రస్తుతానికి మందులు, తక్కువ ఉప్పు, మెల్లగా నడక. వచ్చేవారం ఇంకో పరీక్ష ఉంది.

పిల్లను తిట్టకు. అది తప్పు రాయలేదప్పా. నేనే గుండె దాచి గుండు చూపించాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: వస్తూ నాలుగు ఎండుచేపలు తే. నీ మరదలికి చెప్పకు.

ఇంకో తా.క.: అత్తా, కవరు అంటించేది నేనే. ఎండుచేపల్లో ఉన్నదంతా ఉప్పే, తేవద్దు. ఈసారి సరిగ్గానే చదివాను. – భాను